ఎవరి పేరు మీద వచ్చినవ్?

జనగామ
ఆదివారం రాత్రి

అక్కా,

నువ్వు ఫోన్ చేసినప్పుడు నా ముంగట ఇద్దరు మనుషులు పెళ్లికార్డు ప్రూఫు చూసుకుంట కూసోని ఉన్నరు. అందుకే సరిగ్గ మాట్లాడలేకపోయిన, ఏమనుకోకు. "రెండూ మా ఇంట్లవే, ఒకటే వైఫై, అయినా పాస్‌వర్డ్ అడుగుతది, ఏది కొట్టినా తప్పంటది" అన్నవు చూడు, ఆ మాటతో నాకు పోయిన నెలంతా కండ్ల ముంగట తిరిగింది. అదే తలుపు ముంగట నేను నాలుగు రాత్రులు నిలబడ్డ. ఫోన్‌లో చెప్తే సగం చెవిన పడతది, సగం గాలికి పోతది. కాగితమైతే కీబోర్డు పక్కన పెట్టుకొని ఒక్కొక్కటే చూసుకుంట చెయ్యొచ్చు. పొడుగైతది, ఓపికతో చదువు.

ముందు ఒకటి చెప్త. నువ్వు పాస్‌వర్డ్ మర్చిపోలేదు. బావ మర్చిపోలేదు. ఆ డబ్బా ఏమడుగుతుందో మనకు తెల్వక, అడగనిదానికి జవాబు చెప్తున్నం.

నువ్వు జనగామ విడిచి పోయేనాడు నాకు కుదిర్చి పెట్టిన పద్ధతి యాదుందా? ముందటి అర్రలో పెద్ద కంప్యూటర్, దానికే ప్రింటర్. లోపలి అర్రలో నా పాత ల్యాప్‌టాప్. పెద్ద కంప్యూటర్ డి డ్రైవులో "కార్డులు" అని ఫోల్డరు చేసి షేర్ పెట్టినవు. "మన ఇంట్ల మనకు తాళమేందే" అని పాస్‌వర్డ్ షేరింగ్ ఆపేసినవు. ఎన్నేండ్లు నడిచిందో! పిల్లకు అన్నం తినిపించుకుంట లోపల కార్డు దిద్దేదాన్ని, ముందటికి వచ్చి ప్రింటు తీసేదాన్ని. పెన్‌డ్రైవ్ పట్టుకొని అటూ ఇటూ తిరిగే పని తప్పింది. ఆ ఫోల్డర్లో నీ చేతి పని ఇంకా అట్లనే ఉన్నది. 2016 అక్టోబరు 11 నాడు వరంగల్ జిల్లా ముక్కలైనంక, పొద్దుగూకేదాక కూసోని పాలకుర్తి కార్డుకు జనగామ జిల్లా, కురవి కార్డుకు మహబూబాబాద్ జిల్లా, రేగొండ కార్డుకు జయశంకర్ భూపాలపల్లి జిల్లా అని ఒక్కొక్కటి తెరిచి మార్చినం. నువ్వు చదువుతుంటే నేను కొట్టిన.

ఇప్పుడు అందులో కార్డులకంటె కాగితాలే ఎక్కువైనయి. ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ, పిల్లల మెమోలు. దరఖాస్తులకు స్కాన్ చేసినవి అన్నీ పేరు పెట్టి దాచిన. పోయిన వానకాలం తండా నుంచి ఒక అవ్వ వచ్చింది. ఇల్లు ఉరిసి కాగితాలన్నీ నానిపోయినయట. పాలిథిన్ కవరు విప్పితే లోపల ముద్ద. కూసోవెట్టి, అవ్వ పేరుతోటి వెతికితే రెండేండ్ల కింద పింఛను పనికి నేనే చేసిన స్కాను దొరికింది. ప్రింటు చేతిల పెడితే చానా సేపు చూసి, "ఇది నీ కాడనే ఉండనియ్ బిడ్డా, నా కాడ ఉంటే మల్ల తడుస్తది" అన్నది. ఆ మాట నేను మరువ. ఈ ఉత్తరంలో తాళం గురించి నేనెందుకింత పట్టుబడుతున్ననో నీకు దీంతోనే తెలుస్తది.

సంగతికి వస్త. 2025 అక్టోబరు 14తోటి విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. పెద్ద కంప్యూటర్ 11కు ఎక్కింది, నా పాత ల్యాప్‌టాప్ ఎక్కలేదు. కొత్తది కొన్న, విండోస్ 11 ప్రో. ఇంటికి తెచ్చి, వైఫై కలిపి, "కార్డులు" తెరుద్దామంటే రాలేదు. అతిథిని లోపలికి పంపనీయకుండ మీ సంస్థ భద్రతా నియమం అడ్డుకుంటున్నదని ఇంగ్లీషులో ఒక ముక్క. నాకు సంస్థ ఎక్కడిది? రెండు అర్రలు, ఒక ప్రింటర్.

తర్వాత తెలిసింది. పాస్‌వర్డ్ తీసేస్తే, వచ్చినోళ్లు గెస్ట్ అనే పేరుమీద లోపలికి పోతరు. అంటే ఊరూ పేరూ లేని మనిషి. 2024 అక్టోబరు నుంచి ఇస్తున్న విండోస్ 11 ప్రోలో, 24హెచ్2 అంటరు దాన్ని, అట్ల పేరు లేకుండ ఎక్కడికీ పోనని ల్యాప్‌టాపే మొండికేస్తది. ఎందుకంటె పేరు అడగకుండ తలుపు తీసే యంత్రం నిజంగ మన పెద్ద కంప్యూటరేనా, దాని వేషం కట్టిన ఇంకోటా అని తేల్చుకునే దారి దానికి లేదు.

రిపేరు చేసే పిల్లగాడిని పిలిస్తే పావుగంటలో అయిపోతది అన్నడు. రిజిస్ట్రీలో ఒక అంకె మార్చి అతిథిని రానిస్తే చాలన్నడు. అదీ కాకుంటే ఎస్‌ఎంబీ ఒకటో వెర్షన్ ఆన్ చేద్దామన్నడు. మంచి పిల్లగాడే, చేతి పని చకచకా వస్తది. కాని నేను వద్దన్న. ఎస్‌ఎంబీ అంటే కంప్యూటర్లు ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు మాట్లాడుకునే భాష. దాని ఒకటో వెర్షన్‌లో ఉన్న సందులోంచే 2017 మే నెలలో వానాక్రై అనే దొంగ ప్రోగ్రాం దూరింది. ఇంగ్లండులో దవాఖానలు ఆగినయి, ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లు కొన్ని మొరాయించినయి. ఆ సందు మూసే అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది, వేసుకోనోళ్లకే దెబ్బ తగిలింది. అప్పటినుంచే మైక్రోసాఫ్ట్ ఆ పాత వెర్షన్‌ను ఒక్కొక్క మెట్టు తీసేసుకుంట వచ్చింది. ప్రపంచమంతా దెబ్బతిని మూసిన తలుపును, నా నాలుగు కార్డుల కోసం నేనెందుకు తీయాలె?

ఇంకో సంగతి నీకు చెప్పలేదు. ఇప్పుడు ముందటి అర్రలో కూసున్నోళ్లందరూ వైఫై అడుగుతరు. దరఖాస్తు ఓటీపీ రాదంటరు, సిగ్నల్ లేదంటరు, ఇస్త. ఇచ్చిన్నంటే ఆ ఫోను కూడా నా ఇంటి నెట్‌వర్క్‌లోకి వచ్చినట్టే. షేరుకు తాళం లేకపోతే, ఎవరి ఫోనులోనైనా ఫైళ్ల యాప్ ఒకటి ఉంటే చాలు, ఆ అవ్వ ఆధార్ తెరిచి చూడొచ్చు. ఇన్నేండ్లు అట్లనే ఉన్నది అక్కా. ఎవరూ చూడలేదనే అనుకుంటున్న. అది తలుచుకుంటే మాత్రం కడుపులో దేవినట్టైతది. నువ్వు పెట్టినప్పుడు ఇంట్లో మనిద్దరమే ఉండేది, అప్పుడది తప్పు కాదు. ఇంటికి జనం పెరిగిండ్రు, తాళం పెరగలేదు. వచ్చినోళ్ల కోసం రూటర్లో గెస్ట్ వైఫై వేరే పెట్టిన ఇప్పుడు. ఈ పని నువ్వు కూడా చెయ్యి.

సరే, తాళం పెట్టుదామని కూసున్న. పెద్ద కంప్యూటర్లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్. అందులో అన్నిటికంటె కింద ఆల్ నెట్‌వర్క్స్ అని ఉంటది, దాని కిందనే పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్. అది ఆన్ చేసిన.

ల్యాప్‌టాప్ నుంచి తెరిస్తే పేరు, పాస్‌వర్డ్ అడిగింది. నా ల్యాప్‌టాప్ పిన్ నాలుగంకెలు కొట్టిన. తప్పన్నది. నా ఈమెయిల్ పాస్‌వర్డ్ కొట్టిన. తప్పన్నది. పాత ల్యాప్‌టాప్‌ది, వైఫైది, పిల్ల పుట్టిన తేదీ, అన్నీ అయినయి. ఒంటిగంటకు లేచి పన్న.

తెల్లారి చాయ్ పెట్టుకుంటుంటే తట్టింది. ఆ పెట్టె కనబడేది నా ల్యాప్‌టాప్ మీదనే గాని, అడుగుతున్నది ల్యాప్‌టాప్ కాదు. అవతలి అర్రలో ఉన్న పెద్ద కంప్యూటర్ అడుగుతున్నది. చుట్టాలింటికి పోతే గల్మల నిలబెట్టి "ఎవలబ్బా?" అని అడుగుతరు చూడు, అది. మన ఇంట్ల మనల్ని ఏమని పిలుస్తరో చెప్తే వాళ్లకేం ఎరుక? వాళ్లకు తెలిసిన పేరు చెప్పాలె. పెద్ద కంప్యూటర్లో ఏ ఖాతా ఉందో ఆ పేరు, ఆ ఖాతా పాస్‌వర్డ్. ల్యాప్‌టాప్ ఈమెయిలు దానికి తెల్వదు. పిన్ అయితే అసలే పనికిరాదు, పిన్ ఆ ఒక్క యంత్రంలోనే పుట్టి ఆ యంత్రంలోనే ఉంటది, వైఫై దాటి పోదు. అక్కా, నువ్వు ఈ ఉత్తరంలో ఒక్క ముక్కే యాది పెట్టుకుంటనంటే ఇది పెట్టుకో.

పేరు రాసేటప్పుడు ఉత్త పేరు రాయకు. ముందు ఆ కంప్యూటర్ పేరు, తర్వాత వెనక్కి వంగిన గీత \, తర్వాత ఖాతా పేరు రాయి. ఫలానా ఇంటి ఫలానా మనిషి అన్నట్టు. లేకుంటే ఏ ఇంటి మనిషో తేలక తిరకాసు పడొచ్చు.

అట్ల రాసిన. మల్ల తప్పన్నది. పెద్ద కంప్యూటర్ ఖాతాకు నువ్వు పాస్‌వర్డే పెట్టలేదు కదా, ఖాళీగ వదిలి ఎంటర్ కొట్టిన. ఇక్కడనే నేను రెండో రాత్రి మొత్తం పోగొట్టుకున్న. పాస్‌వర్డ్ లేని ఖాతాతో ఎదురుంగ కూసోని లోపలికి పోవచ్చు గాని, నెట్‌వర్క్ మీదినుంచి పోనియ్యదు. ఎక్స్‌పీ కాలం నుంచి విండోస్ కట్టుబాటు అది. ఖాళీ అనేది సరైన జవాబే అయినా ఒప్పుకోదు. ఇది తెల్వక ఎంతమంది తల పట్టుకుంటున్నరో.

మూడో రాత్రి తెలివి వచ్చి, నేను రోజూ కూసునే ఖాతాను ముట్టకుండ, పెద్ద కంప్యూటర్లో షేరింగ్ కోసమే ఒక కొత్త ఖాతా చేసిన. సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్, యాడ్ అకౌంట్. ఈమెయిల్ అడుగుతది, ఇయ్యకు. ఈ మనిషి వివరాలు నా దగ్గర లేవు అనే లైను నొక్కు, తర్వాత మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండ చేర్చే లైను నొక్కు. చిన్న పేరు, పొడుగు పాస్‌వర్డ్. ఆ ఖాతాతో ఎవరూ కంప్యూటర్ ముందు కూసోరు, అది తలుపుకు తాళంచెవి అంతే. రేపు నా ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చుకున్నా, పిన్ మార్చుకున్నా ఈ చెవి మారదు. ఎప్పుడన్న మార్చాల్సి వస్తే ఈ ఒక్క చెవి మారుస్త.

ఎంత కుదురుగ చేసిన్నో చెప్పిన కదా. పోయి ల్యాప్‌టాప్‌లో కొట్టిన. తప్పన్నది!

మెల్లగ ఒక్కొక్క అక్షరం చూసుకుంట కొట్టిన. తప్పన్నది. చుక్కలే కనబడుతయి, అక్షరాలు కనబడవు. ఏడుపు ఒక్కటే తక్కువ. అప్పుడు ఆ గడి చివర కన్ను గుర్తు కనబడ్డది. నొక్కిన. చుక్కలు పోయి అక్షరాలు వచ్చినయి. అన్నీ తెలుగు. నేను జె కొడితే ర పడ్డది, కె కొడితే క, ఎల్ కొడితే త. మధ్యలో అంకెలు మాత్రం అంకెలుగనే ఉన్నయి. అంతకుముందే శుభలేఖ కొట్టిన, ల్యాప్‌టాప్‌లో కీబోర్డు తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లోనే ఉండిపోయింది. గడియారం పక్కన భాష గుర్తు చూడనే లేదు. విండోస్ మీట, స్పేస్ మీట కలిపి నొక్కి ఇంగ్లీషుకు మార్చి కొడితే గిర్రున తెరుచుకున్నది. ఆ అర్ధరాత్రి ఒక్కదాన్నే చప్పట్లు కొట్టిన. తెలుగు టైపు చేసే మనలాంటోళ్లకు ఈ తిప్పలు ఎవరూ చెప్పరు. అక్కా, నువ్వు పాటలు టైపు చేస్తవు కాబట్టి నీకూ ఇదే జరగొచ్చు. పాస్‌వర్డ్ తప్పన్నప్పుడల్లా ముందు ఆ కన్ను నొక్కు.

నాలుగో రాత్రిది చిన్నదే. "కార్డులు" తెరుచుకున్నది గాని లోపల "ఆధార్" ఫోల్డరు నొక్కితే అనుమతి లేదన్నది. ఇంటికి గల్మ తలుపు ఒకటి, లోపలి అర్రకు తలుపు ఒకటి ఉన్నట్టే, షేరుకు ఒక అనుమతి, ఫోల్డరుకు సెక్యూరిటీ అని ఇంకో అనుమతి. రెండిట్లో ఏది గట్టిదైతే దాని మాటే చెల్లుతది. ఆ ఫోల్డరు నేను అదే డ్రైవులో వేరే చోటినుంచి జరిపి తెచ్చిన, దాని పాత అనుమతులు దానితోటే వచ్చినయి. ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీకి పోయి కొత్త ఖాతాను చేర్చిన, అయిపోయింది. నువ్వు కొత్తగ షేర్ చేసేటప్పుడు అడ్వాన్స్‌డ్ షేరింగ్ జోలికి పోకు. ప్రాపర్టీస్‌లో షేరింగ్ కింద మామూలు షేర్ అనే మీట నొక్కి, ఖాతా పేరు చేర్చి, చూసుడేనా రాసుడు కూడానా అన్నది ఎంచుకుంటే రెండు తలుపులూ అదే చూసుకుంటది. ఇంకోటి, డెస్క్‌టాప్ మీద ఉన్న ఫోల్డరు షేర్ పెట్టకు. డి డ్రైవులో విడిగ చెయ్యి.

మొదటి రాత్రే గుర్తుపెట్టుకో అనే గడికి టిక్ కొట్టి ఉంటివనుకో, తప్పు పేరే లోపల దాచుకొని అదే మల్ల మల్ల చెప్తుంటది. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్, విండోస్ క్రెడెన్షియల్స్, అందులో ఆ కంప్యూటర్ పేరుతోటి ఉన్నది తీసెయ్యి. ఒకే కంప్యూటర్‌కు రెండు పేర్లతో పోవద్దని గొణిగితే ల్యాప్‌టాప్‌ను ఒకసారి రీస్టార్ట్ చెయ్యి. ఒక పేరుతో తలుపు తీసి ఉండంగనే ఇంకో పేరుతో రానియ్యదు.

ఇప్పుడు మానుకోటల అన్న ఇంటి సంగతి. నీకు అన్న చెప్పిండో లేదో, పోయిన వారం మధ్యాహ్నం గోల్కొండ రైలు ఎక్కి పోయిన. అమ్మను చూసినట్టూ ఉంటది, అన్న కంప్యూటర్ చూసినట్టూ ఉంటదని. అమ్మ మంచిగనే ఉన్నది. మిరపకాయ కల్లం మీద ఎండుతుంటే ఆ ఘాటుకు నేను తుమ్ముతుంటే, నీ బిడ్డకంటె సున్నితమైనవు అని నవ్వింది.

అన్న కింద దుకాణంలో ఎరువుల లెక్క చూసుకుంటడు, మీద ఇంట్లో వదిన ల్యాప్‌టాప్. మీదినుంచి కింది ఫోల్డరు అసలే కనబడదు. పాస్‌వర్డ్ మార్చి మార్చి విసిగిపోయిండు అన్న. నేను పోయి చూస్తే పాస్‌వర్డ్ అడుగుతనే లేదు. నెట్‌వర్క్ దారి దొరకలేదు అంటున్నది, చివర 0x80070035 అని నెంబరు. ఇది వేరే రోగం అక్కా. పాస్‌వర్డ్ అడిగిందంటే నువ్వు తలుపు దాక చేరినట్టు. అడగలేదంటే ఇంకా తొవ్వలోనే ఉన్నట్టు. తొవ్వ తప్పినోనికి తాళంచెవి ఎన్నిసార్లు మార్చి ఇస్తే ఏం లాభం?

రెండిట్లో ఐపీకాన్ఫిగ్ అని కొట్టి అడ్రసులు చూసిన. కిందిది 192.168.1 తోటి మొదలైతున్నది, మీదిది 192.168.0 తోటి. మీదికి సిగ్నల్ అందక అన్న ఇంకో రూటర్ కొని, కింది రూటర్ వైరును దాని ఇంటర్నెట్ రంధ్రంలో గుచ్చిండు. అప్పుడది మీద ఒక వేరే ఊరును కట్టింది. ఆ ఊరోళ్లు ఇంటర్నెట్‌కు పోగలుగుతరు గాని, కింది కంప్యూటర్ పేరు పెట్టి పిలిస్తే అది వినబడదు. రూటర్ సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటే అది పెట్టాలె. దీనికి లేదు. అందుకని దాని అడ్రసు కింది రూటర్ వరుసలోకి, ఎవరికీ లేని అంకెకు మార్చి, అడ్రసులు పంచే పని, డీహెచ్‌సీపీ అంటరు, ఆపేసి, వైరు తీసి మామూలు రంధ్రంలో పెట్టిన. రెండంతస్తులూ ఒకటే ఊరైనయి. అప్పుడు పాస్‌వర్డ్ అడిగింది. అన్న అయ్యో మల్ల అడుగుతుంది అన్నడు, నాకు మాత్రం సంతోషమైంది. తలుపు దొరికింది కదా.

ఇగ నీ భూపాలపల్లి. నువ్వు చెప్పిన దాంట్లో నాకు రెండు రోగాలు కలిసినట్టు కొడుతున్నది. పొద్దుగాల పాస్‌వర్డ్ అడిగి తప్పంటది, రాత్రి బావ డ్యూటీ నుంచి వచ్చినంక చూస్తే అసలే కనబడదు అన్నవు.

కనబడనిది ముందు చూడు. బావ ల్యాప్‌టాప్ మూత వేసి పెడతడా? నిద్రపోయిన ల్యాప్‌టాప్ ఫైళ్లు ఇయ్యదు. మూత తీసి, కరెంటు పెట్టి, నిద్రపోకుండ సెట్ చేసి చూడు. రూటర్ కొత్తది పెట్టిండ్రని కూడా అన్నవు. కొత్త రూటర్ వస్తే విండోస్ దాన్ని తెలియని చోటు అనుకొని పబ్లిక్ నెట్‌వర్క్ అని రాసుకుంటది. బస్టాండులో ఉన్నట్టు తలుపులన్నీ వేసుకుంటది. సెట్టింగ్స్‌లో వైఫై ప్రాపర్టీస్‌కు పోయి ప్రైవేట్ అని మార్చు. రెండిట్లోనూ మార్చు. ఇంటి వైఫైకే మార్చు, బయట ఎక్కడ కలిపినా పబ్లిక్‌గనే ఉండాలె. నువ్వు అంకెల అడ్రసుతో షార్ట్‌కట్ చేసుకొని ఉంటె అది కూడా కారణం కావొచ్చు. కరెంటు పోయి వచ్చినంక రూటర్ ఒక్కోసారి అడ్రసు మార్చి ఇస్తది. అంకెలు తీసి కంప్యూటర్ పేరుతో పిలువు, \\ పెట్టి పేరు.

ఇగ తప్పనేది. బావ ల్యాప్‌టాప్‌లోకి ముఖం చూపెట్టో, పిన్ కొట్టో పోతడు కదా. ఈమెయిల్ ఖాతాతో ఉన్న యంత్రానికి నెట్‌వర్క్ మీదినుంచి పోవాలంటే ఆ ఈమెయిలూ, దాని అసలు పాస్‌వర్డూ చెప్పాలె. కొన్నప్పటినుంచి పిన్నే కొట్టుకుంట వస్తే, ఆ పాస్‌వర్డ్‌ను ఆ ల్యాప్‌టాప్ ఒక్కసారి కూడా చూసి ఉండదు. సరైనది చెప్పినా తెల్వదంటది. ఒకసారి సైనౌట్ అయ్యి పాస్‌వర్డ్‌తో లోపలికి పోతే కుదురుతది అంటరు. కాని నా మాట విను, బావ ఈమెయిల్ పాస్‌వర్డ్ ఇంట్ల చక్కర్లు కొట్టుడు మంచిది కాదు. దానితోటి ఆయన ఉత్తరాలూ ఫోటోలూ అన్నీ తెరుచుకుంటయి. నేను చేసినట్టే పాటల కోసం ఒక చిన్న ఖాతా చెయ్యమను. ఆ పాటల ఫోల్డరు ఒక్కటే దానికి చూపెట్టు.

పాటలంటే యాదికొచ్చింది. పోయిన బతుకమ్మకు బావ ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసిన అమ్మ పాటలు ఆ ఒక్క చోటనే ఉన్నయన్నవు. అక్కా, అది నాకు పాస్‌వర్డ్ కంటె ఎక్కువ బుగులు పుట్టించింది. మానుకోటలో అమ్మను అడిగిన, ఆ మైసమ్మ పాట మల్ల పాడవా అని. రెండు చరణాలు పాడి ఆగింది. "మిగిలింది పెద్దబిడ్డ కాడ ఉన్నది" అన్నది, డబ్బాలో పెట్టి నీకు ఇచ్చినట్టు. అందుకని షేరింగ్ కుదిరినా కుదరకున్నా, రేపే ఒక పెన్‌డ్రైవ్ కొని అవన్నీ దాంట్లోకి తీసి బీరువలో పెట్టు. పరకాల మీదుగ హన్మకొండ వచ్చినప్పుడు ఇంకో కాపీ నాకు తెచ్చియ్యి. జనగామలో ఒకటి ఉంటది. నా దగ్గర తాళం ఉన్నది ఇప్పుడు.

అమ్మ పాటల పుస్తకానికి 1/8 డెమ్మీ సైజు పెట్టుదామనుకుంటున్న, అమ్మకు కనబడేటట్టు పెద్ద అక్షరాలు. మొదటి పాట టైపు కాంగనే పంపు, పేజీ ఎట్ల కూసుంటదో చూస్త. రేపు బావ ల్యాప్‌టాప్ ముందు కూసున్నప్పుడు, అడిగిందా అడగలేదా, అడిగితే ఏమన్నది, అడగకుంటే చివర ఏ నెంబరు వేసింది, అది కాగితం మీద రాసుకొని ఫోన్ చెయ్యి. పొద్దుగాల తొమ్మిది లోపల చేస్తే నా ముంగట ఎవరూ ఉండరు.

నీ చెల్లె